సర్వర్ లేవొద్దని మొక్కుకున్న రోజు

నా ఉద్యోగ జీవితంలో చివరి కొన్నేళ్ళు నేను క్షమాపణలు చెప్పి జీతం తీసుకున్నాను. పెళ్ళయిన మగవాళ్ళలో చాలామంది ఇదే పని జీతం లేకుండా చేస్తారు. ఆ లెక్కన నన్ను అదృష్టవంతుడనే అనాలి.

అంతకుముందు సూరత్‌లోనే ఒక సహకార బ్యాంకు కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి. అక్కడ రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. నా విశ్రాంతి వల్ల ఇంట్లోవాళ్ళకు విశ్రాంతి లేకుండా పోయిందని గ్రహించి, ఒక క్రిప్టో ఎక్స్ఛేంజీలో, ఖాతాదారుల ఫోన్లు ఎత్తే విభాగంలో చేరాను. కంటికి కనబడని నాణేలు కొనుక్కుని అమ్ముకునే అంగడి అది. మీ వయసువాళ్ళకు దాని గురించి నేను వివరించబోవడం చేపకు ఈత నేర్పినట్టుంటుంది. నన్ను వాళ్ళు తీసుకున్నది నా జ్ఞానం చూసి అనుకోకండి. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింట్లోనూ "కాస్త ఓపిక పట్టండి" అనడం నాకు వచ్చు. పైగా మా నాన్న కరీంనగర్ దిక్కు నుంచి సాంచాలు నడపడానికి ఈ ఊరొచ్చినవాడు. సాంచా అంటే మరమగ్గం. ఆ చప్పుడు మధ్యే నేను బీకాం చదివాను. అందుకని ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా అరిచినా నాకు మామూలుగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ ఉద్యోగానికి ఇంతకన్నా పెద్ద డిగ్రీ లేదు.

ఆఫీసు రింగ్ రోడ్డులో ఒక బట్టల మార్కెట్ పై అంతస్తులో ఉండేది. కింద చీరలు, పైన నాణేలు. కింద తడిమి చూసి కొనేవాళ్ళు, పైన చూడకుండానే కొనేవాళ్ళు. మా మేనేజర్ నా కొడుకు కంటే చిన్నవాడు, గుజరాతీ. ఎప్పుడు సర్వర్ పడిపోయినా ఒకటే ప్రకటన పెట్టేవాడు: "కొద్దిపాటి అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సొమ్ము భద్రంగా ఉంది." నా పక్క సీట్లో కతర్‌గామ్ పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి, వజ్రాలు సానపట్టే ఇంటి పిల్ల. ఆ ప్రకటన చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

"కాకా, మా ఇంట్లో వజ్రం చెయ్యి జారితే మా నాన్న ఇంటిల్లిపాదినీ నేల మీద బోర్లా పడుకోబెట్టి వెతికిస్తాడు. ఈయనకేమో 'కొద్దిపాటి' అట."

సర్వర్ గురించి ఒక మాట. నాణేల ధర కదలకుండా ఉన్న రోజున అది గుడి గోపురంలా నిలబడేది. ధర ఢమాలుమని పడ్డ రోజున, అంటే జనానికి దానితో నిజంగా పనిపడ్డ రోజున, తను కూడా పడుకునేది. అందరూ ఒకేసారి తోసుకొస్తే ఏ గుమ్మమైనా ఇరుక్కుంటుంది. ఇది అర్థం కావడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు, ఒకసారి పండగ ముందు సూరత్ స్టేషన్‌కు వెళితే చాలు.

ఇక కోసాడ్ సంగతి. ఊరికి అవతల, తాపీ నది దాటాక, అమ్రోలీ దగ్గర సర్కారు క్వార్టర్లున్న చోటు అది. అక్కడ కింది అంతస్తులో మా తెలంగాణ ఆవిడ ఒకామె మెస్ నడిపేది. చుట్టుపక్కల కార్ఖానాల్లో సాంచాలు నడిపే మనవాళ్ళంతా అక్కడే తినేవాళ్ళు. వయసుతో పని లేకుండా అందరూ ఆమెను వదిన అనేవాళ్ళు. నేను పెద్దవాణ్ణి కాబట్టి చెల్లె అనేవాణ్ణి.

కార్ఖానాలో ఫోన్లు లోపలికి తేనివ్వరు. సాంచాల మోతలో మోగినా వినబడదు, చూసుకుంటూ నిలబడితే చెయ్యి పోతుంది. అందుకని మనవాళ్ళు పొద్దున తిని షిఫ్టుకు పోతూ పోతూ ఫోన్లన్నీ వదిన దగ్గర ఒక వెదురు గంపలో వేసి పోయేవాళ్ళు. గంపలో ఏది మోగినా వదినే ఎత్తేది. "షిఫ్ట్ల ఉన్నడు. పొద్దుమీకి చెయ్యి." అంతే, పెట్టేసేది. ఊళ్ళో ఉన్న భార్యలు మొగుళ్ళ కంటే ఈమెతోనే ఎక్కువ మాట్లాడేవాళ్ళు, మొగుళ్ళ కంటే ఈమె దగ్గరే ఎక్కువ విషయాలు తెలిసేవి. ఏ ఫోను తెర మీద ఏ గీత గీస్తే తెరుచుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. బ్యాంకు లాకర్ గదికి కూడా ఇంత నమ్మకమైన మనిషిని నేను చూడలేదు. కాకపోతే లాకర్ గదిలో తాళాలు వేరు వేరుగా ఉంటాయి.

అందుకే ఒక ఆదివారం నేనే వెళ్ళి వాళ్ళకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. పప్పుచారు కూడా తిన్నాను.

"ఎవడన్నా ఫోన్ చేసి కంపెనీ నుంచి అంటే నమ్మొద్దు. నా పేరు చెప్పినా నమ్మొద్దు. ఫోన్ల నా గొంతే వినబడ్డా నమ్మొద్దు. ఓటీపీ ఆలికి గూడ చెప్పొద్దు."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆలికి చెప్పం మామా. గని వదినకైతే ముందే తెలుస్తది, ఎట్ల?"

అందరూ నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని, పరీక్షకు చదువుకునే పిల్లలా, నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది.

ఆ గుంపులో ఒకడు నాకు అల్లుడు. కూతుర్నిచ్చిన అల్లుడు కాదు, వరసకు అల్లుడు. రక్తసంబంధం కోసం తవ్వితే నీళ్ళు పడతాయేమో గాని చుట్టరికం తగలదు. చాలా ఏళ్ళుగా ఇంకొకరి సాంచాలు నడిపాడు. నడిపేవాడికీ, సొంతదారుకీ మధ్య మా వాళ్ళలో ఉన్న దూరం సూరత్‌కూ కరీంనగర్‌కూ ఉన్నంత. అమ్రోలీలో ఒక సేటు వ్యాపారం ఎత్తేస్తూ రెండు పాత సాంచాలు అమ్మకానికి పెట్టాడు. అల్లుడు మాట ఖాయం చేసుకున్నాడు. షెడ్డులో రెండింటికి సరిపడా జాగా కిరాయికి తీసుకున్నాడు. మిగతా డబ్బు ఫలానా రోజు దీపాలు పెట్టే వేళకు ఇవ్వాలి, లేదంటే ఎవరు ముందొస్తే వాళ్ళకు. ఆ డబ్బంతా మా ఎక్స్ఛేంజీలో నాణేల రూపంలో ఉంది.

వారం ముందే చెప్పాను. "అల్లుడా, అమ్మేసి బ్యాంకుల ఏస్కో. రేపటికి అక్కరున్న పైసలు ఇసొంటి జాగల పెట్టద్దు."

"జరంత పెరుగనీ మామా."

ఈ "జరంత పెరుగనీ" అనే మంత్రం మీదే మా కంపెనీ అద్దె, కరెంటు బిల్లు, నా జీతం నడిచేవి. కాబట్టి నేను మరీ గట్టిగా వాదించలేకపోయాను.

ఆ ఫలానా రోజు వచ్చింది. పొద్దున్నే ధర పడింది. వెనకే సర్వర్ పడింది. వెంటనే మా మేనేజర్ ప్రకటన లేచింది.

ఫోన్లు ఎత్తి ఎత్తి నా చెవి ఎర్రబడ్డ వేళ కతర్‌గామ్ అమ్మాయి తన తెర నా వైపు తిప్పింది. "కాకా, వీళ్ళు మీ వాళ్ళేనా?"

మా కంపెనీ పేజీ కింద, ఊరందరూ చూసే చోట, అల్లుడి ఫిర్యాదు. టీ విరామంలో మెస్‌కు పరిగెత్తుకొచ్చి, గంపలోంచి తన ఫోను తీసి రాసి, మళ్ళీ గంపలో పడేసి షిఫ్టుకు పోయాడన్నమాట. నా పైసలు ఇరుక్కున్నాయి, సాయంత్రానికి కావాలి, దయచేసి ఫోన్ చేయండి అని హిందీలో రాశాడు. కింద నంబరు ఇచ్చాడు. అంతటితో ఆగి ఉంటే సామాన్యుడు చేసే తప్పు అయ్యేది. కాని ఒక నంబరు కలవకపోతే కంపెనీవాళ్ళకు ఇబ్బంది కదా అని, మావాడు గంపలో ఉన్న అందరి నంబర్లూ వరసగా రాసి, చివర్న ఒక మాట చేర్చాడు: "వీటిలో ఏది చేసినా ఎత్తుతారు."

ఇంత మర్యాదగా దొంగల్ని పిలిచిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ ఫిర్యాదు కింద అప్పటికే ముగ్గురు "సహాయ కేంద్రం" వాళ్ళు హాజరయ్యారు. ముగ్గురి పేర్లూ మా కంపెనీ పేరులాగే ఉన్నాయి. మా ఆఫీసులో పొద్దుటి నుంచి ఒక్కరం కూడా జవాబివ్వలేదు కాబట్టి, అసలువాళ్ళకంటే వాళ్ళే నిజమైనవాళ్ళలా కనబడుతున్నారు.

అల్లుడి ఫోనుకు చేశాను. బిజీ. గంపలో ఇంకో ఫోనుకు చేశాను. వదిన ఎత్తింది.

"చెల్లే, నేనే."

"నేనే అంటే?"

"మీ అన్నను. మొన్న ఆదివారం పప్పుచారు తినిపోయినోన్ని."

"ఫోన్ల నా గొంతు వినబడ్డా నమ్మొద్దని మా అన్ననే చెప్పి పోయిండు. పెట్టెయ్."

పెట్టేసింది. జీవితంలో చాలామందికి హితబోధ చేశాను. అక్షరం పొల్లుపోకుండా పాటించిన మనిషి ఆమె ఒక్కతే.

మూడో ఫోనుకు చేశాను.

"మళ్ళ నువ్వేనా? ఆ సారు జెప్పనే జెప్పిండు, దొంగలు జేస్తరు, తెలిసినోళ్ళ లెక్క మాట్లాడుతరు అని."

"ఏ సారు?"

"కంపెనీ సారు. అల్లుని ఫోన్ల లైన్ల ఉన్నడు. ఎంత మంచిగ 'అండీ, అండీ' అంటున్నడో. ఇరవై ఏండ్ల సంది సూరత్‌ల ఉన్న, నన్ను అండీ అన్నోడు లేడు. నువ్వేమో చెల్లే గిల్లే అనుకుంట తయారైనవ్."

మళ్ళీ పెట్టేసింది. నాకు సంగతి అర్థమైంది. దొంగవాడు అల్లుడి ఫోను లైను వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే ఓటీపీ ఆ ఫోనుకు వస్తుంది. ఆమె చదివితే ఖాతా వాడిది. మరి ఇంకా ఎందుకు కాలేదు? సర్వర్ పడి ఉంది కాబట్టి. ఓటీపీ పంపడానికి కూడా సర్వర్ లేవాలి. అంటే ఊరంతా తిట్టుకుంటున్న ఆ పాడు సర్వరే మా అల్లుడి సాంచాలకు కాపలా కాస్తోంది.

ఖాతాను మేమే మూసేద్దామంటే ఖాతాలు తెరిచి మూసే మా ఆఫీసు లోపలి తెర కూడా ఆ సర్వర్ మీదే ఉంది, పైగా అందరికంటే ఆఖర్న లేస్తుంది. నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళాను.

"ఎంతసేపట్లో లేస్తుంది?"

"అయిపోయింది కాకా! మనవాళ్ళు ప్రాణాలు పెట్టి పనిచేస్తున్నారు."

"తొందరేం లేదు. అన్నం తిని చేయమను. ఒక కునుకు తీసినా పర్లేదు."

అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడాది నాకు జీతం పెరగకపోవడానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం. కతర్‌గామ్ అమ్మాయికి అల్లుడి ఖాతా వివరం ఇచ్చి, మన తెర లేచిన మరుక్షణం ముందు దీన్ని మూసెయ్ అని చెప్పి కిందికి దిగి ఆటో ఎక్కాను.

దారంతా మొక్కుకుంటూనే ఉన్నాను. స్వామీ, ఈ ఒక్కరోజుకు సర్వర్‌ను లేవనీయకు. దేవుడికి కూడా కొత్తగా ఉండి ఉంటుంది, ఆ పూట సూరత్ నుంచి వచ్చిన మొక్కులన్నీ దీనికి ఎదురుగానే ఉండి ఉంటాయి. తాపీ వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగి ఉండగా అమ్మాయి మెసేజ్ వచ్చింది. "కాకా, జనానికి లేచింది. మనకింకా లేవలేదు." దేవుడు మెజారిటీ వైపే మొగ్గాడు.

మెస్‌లోకి వెళ్ళేసరికి వదిన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చుట్టూ ఫోన్లు, అప్పడాలు ఎండబెట్టినట్టు పరిచి ఉన్నాయి. అన్నీ నల్లవే. ఒకదాని తర్వాత ఒకటి టింగు టింగుమంటున్నాయి. ఆ రాసిన నంబర్లలో ఏది ఎవరిదో దొంగకు తెలియదు కదా, అన్నింటికీ ఒకేసారి ఓటీపీలు పంపించినట్టున్నాడు. ఆ గుంపులో మా దగ్గర ఖాతాలున్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. అన్నీ ఒక్కసారే కురుస్తున్నాయి. ఒక ఫోనులోంచి దొంగ గొంతు వినబడుతోంది. అప్పటికి "అండీ" ఎగిరిపోయింది.

"ఇప్పుడొచ్చింది చదువమ్మా!"

"చదివితి గద."

"అది తప్పు! ఈ ఫోనుకొచ్చింది చదువు!"

"ఏ ఫోను? ఇన్నిట్ల ఏది నీదో నాకెట్ల ఎర్కయితది? ఇగో, ఇది ఇప్పుడే వచ్చింది, రాస్కో." ఆమె వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది.

అటువైపు నుంచి ఏడుపు గొంతు: "అది గ్యాస్ బండదమ్మా!"

"గ్యాసుదైతే ఏంది, నంబరు నంబరు గాదా? మంచిగ మాట్లాడు. పొద్దుగాల మంచిగనే ఉంటివి."

నేను ఆ ఫోను లాక్కుని ఆపేశాను. వదిన తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు నిజంగనే వచ్చినవా అన్నా, లేకపోతే ఇది గూడ నమ్మొద్దా?"

తర్వాత ఆమె చెప్పింది. మధ్య మధ్యలో మిగతా ఫోన్లకూ ఆ దొంగ మనుషులే చేశారట. అన్నీ ఆమే ఎత్తింది. ఎవరమ్మా అంటే "ఆయన వదినను" అంది ప్రతిసారీ. నాలుగోసారి చేసినవాడు విసిగిపోయి, "అమ్మా, మీ ఆయనకు అసలు తమ్ముళ్ళెంత మంది?" అని అడిగాడట. ఇంటి విషయాలు అడిగితే మర్యాద కాదని ఆమె వాణ్ణి మందలించిందట.

ఆఫీసు నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "కాకా, మన తెర లేచింది. మీ అల్లుడి ఖాతా నేను మూయకముందే మూసి ఉంది. తప్పు ఓటీపీలు ఎక్కువైపోయి దానంతట అదే బిగుసుకుంది. రేపటిదాకా ఎవరూ రూపాయి తీయలేరు."

నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటుండగా కబురందిన అల్లుడు కార్ఖానా నుంచి వచ్చాడు. నూలు పొట్టుతో తల తెల్లగా ఉంది. చెప్పింది విన్నాడు. వాడికి అర్థమైంది ఒక్కటే.

"రేపటి దాకనా? మామా, సేటు రేపటి దాక ఆగడు. నువ్వు ఆడనే పనిజేస్తవ్ గద. తాళం తియ్యి."

తీయించగలను. ఖాతాదారుణ్ణి కళ్ళెదుట చూశానని నేను ఒక మాట రాస్తే ఆ బిగింపు పోతుంది. అదీ చిక్కు. నేను వాడి ఫోను చూశాను. దొంగ చెప్పినట్టు వదిన అందులో ఏదో యాప్ వేసి ఉంది, మన తెరంతా అవతలివాడికి చూపించేది. ఓటీపీలు మాత్రం ఫోనే దాచిపెడుతుంది కాబట్టి వాటిని ఆమెతో చదివించుకున్నాడు. అల్లుడి ఈమెయిలు కూడా ఆ ఫోనులోనే తెరిచి ఉంది. వాళ్ళు ఎంత చూశారో, ఏం పట్టుకుపోయారో మాకెవరికీ తెలియదు.

"ఇప్పుడు తీస్తే ముందు లోపలికి నువ్వు పోతవో, వాడు పోతడో నాకు తెల్వదు అల్లుడా. ఈ ఫోను మొత్తం తుడిచి, పాస్‌వర్డులన్నీ మార్చేదాక తియ్య."

"మా సాంచా ఆగితే ఏ పోగు తెగిందో కంటికి కనబడతది. మీ దగ్గర ఏది తెగిందో మీకే తెల్వదు. నా పైసలు నాకియ్యనీకి మళ్ళ నీకు అనుమానాలు!"

"అవును."

వదిన మధ్యలోకి వచ్చింది. "నాదే తప్పు, నన్ను తిట్టు" అంది. వాడు ఆమెను తిట్టలేదు. నన్నూ తిట్టలేదు. ఫోను నా చేతిలోనే వదిలేసి అమ్రోలీ వైపు నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు నాకు అలవాటే, జీతం దానికే ఇచ్చేవారు.

సేటు చెడ్డవాడేం కాదు. నగదుతో వచ్చినవాడికి ఒక సాంచా ఇచ్చేసి, మావాడి ముఖం చూసి రెండోది మర్నాటి దాకా ఆపాడు. సగం మాట నిలబెట్టుకున్నాడన్నమాట. మర్నాడు తాళం తీశాం. అల్లుడు అమ్మాడు, డబ్బు తీసుకున్నాడు, ఒక్క సాంచా కొన్నాడు.

ఇక్కడ మీలాంటి చదువుకున్న పిల్లలు ఏం నేర్చుకోవాలని అడుగుతారు. నేర్చుకోవాల్సినవన్నీ మా కంపెనీ పేజీలోనే ఉన్నాయి, ఎవరూ చదవరు గాని. రేపటికి కావలసిన డబ్బు ఇవాళ అక్కడ ఉంచకండి, ఎందుకంటే మీకు అవసరమైన రోజే అందరికీ అవసరమవుతుంది. సర్వర్ పడితే ఊళ్ళో అరవకండి, టీ తాగండి. మీ కష్టం పదిమందిలో చెప్పుకుంటే ముందుగా జాలిపడేది దొంగే. ఓటీపీ సంగతి చెప్పను, చెబితే వదినలా పాటించేవాళ్ళు ఎదురైతే మళ్ళీ నాకే ఇబ్బంది.

నేను చేసింది సరైనదేనా అని తర్వాత చూసుకున్నాను. తాళం పడ్డ ఆ రోజంతా, మర్నాడు పొద్దున దాకా, ఎవరో ఆ ఖాతాలోకి దూరడానికి ప్రయత్నిస్తూనే ఉన్నట్టు మా కంప్యూటర్లో నమోదైంది. సంబరంగా ఆ కాగితం అచ్చుతీసి షెడ్డుకు తీసుకెళ్ళాను. అల్లుడు తన సాంచా పక్కన నిలబడి ఉన్నాడు. దాని పక్కన రెండో సాంచా పట్టేంత జాగా, శుభ్రంగా ఊడ్చి ఉంది. కాగితం చూశాడు, మడిచి తిరిగి ఇచ్చాడు.

"అది నీ కంప్యూటర్ల ఉన్నది మామా. ఈ ఖాళీ నా షెడ్డుల ఉన్నది."

మూడు భాషల్లో ఓపిక పట్టమనడం వచ్చినవాణ్ణి, కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

వాడు నాతో చాలా కాలం మాట్లాడలేదు. కోసాడ్ వెళితే వదిన పప్పుచారు పోసేది. వాడు ఇంకో వరసలో కూర్చుని తినేవాడు. ఆ మెస్‌లో గంప కూడా అలాగే ఉంది, ఫోన్లు అందులోనే ఉన్నాయి. కాకపోతే ఒక్కో దానికీ ఒక్కో రంగు దారం కట్టి ఉంది. భద్రత విషయంలో వాళ్ళు తీసుకున్న చర్య అదొక్కటే.

నేను ఆ ఉద్యోగం కూడా వదిలేసిన రోజున మా ఆఫీసులో కేకు కోశారు. మేనేజర్ నా గురించి రెండు మంచి మాటలు చెప్పాడు, రెండూ ప్రకటనలాగే ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అల్లుడు కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపర్‌లో చుట్టిన బట్ట. రంగులద్దే మిల్లుకు ఇంకా పోని పచ్చి బట్ట.

"నా సాంచా మీదిదే మామా. అంగీ కుట్టించుకో."

విప్పి చూశాను. నేత బాగుంది, అంచు తిన్నగా ఉంది. అదే మాట అన్నాను. వాడు బట్ట కొస పట్టుకుని నా భుజం నుంచి మోచేతి దాకా కొలిచి చూశాడు.

"రెండు సాంచాలుంటే ఫుల్ చేతులకు సరిపోతుండె. ఉన్నది ఒక్కటేనాయె. హాఫ్ చేతులు పెట్టించుకో."

అలాగే పెట్టించుకున్నాను.